మొగిలి ఘాటులో మరిగిన జీపు

మొగుడి మీద కుళ్ళుకున్న ఆడదాన్ని నేను. ఆయనకు ఇంకో ఆడమనిషి ఉందని కాదు, పాపం ఆ గొడవ ఏనాడూ లేదు. మా నాయన ఆయన్ను పక్కన నిలబెట్టుకుని చేతికి స్పానరు ఇచ్చాడని. ఇప్పుడు చెబితే ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ మూడేళ్ళూ తిన్న తిండి నాకు వంటబట్టలేదు, అది మటుకు నిజం.

మా షెడ్డు చిత్తూరులో, పలమనేరు వైపు పోయే రోడ్డు మీద ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, ఆ రెంటికీ మధ్య ఒకే ఒక తలుపు. నాయన జీపుల మేస్త్రీ. లారీ వస్తే పక్క షెడ్డుకు పంపేవాడు, కారు వస్తే మొహం చిట్లించేవాడు. డెబ్బైల్లో మా జిల్లాలో మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపులు చాలా తిరిగేవి. మామిడితోటల వాళ్ళు, రాయి కొట్టించేవాళ్ళు, బెల్లం వ్యాపారులు వాటినే కొనుక్కునేవాళ్ళు. దారి లేని చోటికి కూడా పోతాయి కదా. వాటికి ఏ జబ్బు చేసినా మా రేకుల కిందికే తెచ్చేవాళ్ళు.

నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నన్ను చూసుకునే మనిషి లేక షెడ్డులోనే పెట్టుకుని పెంచాడు. పాత బేరింగులు నా బొమ్మలు, జీపు బానెట్టు నా పలక పెట్టుకునే బల్ల. పదేళ్ళకే ఇంజను చప్పుడు విని ఏది వదులైందో చెప్పేదాన్ని. వేడి చూడాలంటే అరచేతితో ముట్టకూడదని నాయన నేర్పించాడు. పని చేసే మనిషి అరచెయ్యి కాయలు కాచి మొద్దుబారిపోతుందట, అందుకని చేతి వెనక భాగం ఆనించి చూడాలి. రేడియేటరు మీద అలా చెయ్యి ఆనించుకుంటూ పై నుంచి కిందికి పోతే, ఎక్కడ నీళ్ళు పారుతున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో తెలిసిపోతుంది. నా చెయ్యి పట్టుకుని ఆయనే ఆనించి చూపించాడు.

నేను పెద్దమనిషినయ్యాక ఆ మధ్య తలుపు నాకు మూసుకుపోయింది. పేరంటాలు అయిపోయి, తలకు పోసుకుని, మామూలుగా షెడ్డులోకి పోబోతే నాయన అడ్డంగా నిలబడ్డాడు. నలుగురు మొగవాళ్ళు వచ్చే చోటు, ఇంక నువ్వు రావొద్దమ్మా అన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయనా ముట్టలేదు. మూడో రోజు నేనే ఓడిపోయి పొయ్యి వెలిగించాను. అప్పటి నుంచి నా ఇంజన్లన్నీ ఆ తలుపు సందులో నుంచే.

తర్వాత నా పెళ్ళి. కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని ఇంట్లోనే ఉంచుకోవడం మా వైపు సేద్యం చేసుకునే కుటుంబాల్లో మామూలే, దాన్ని ఇల్లటం అంటారు. వచ్చినవాడు కొడుకుతో సమానం, ఉన్నదంతా అతనికే. అలా పలమనేరు పైన ఒక పల్లెనుంచి, దూరపు చుట్టరికంలో, ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవాణ్ణి తెచ్చాడు నాయన. ఆవుల పాలు పితకడం తప్ప ఆయనకు ఏ పనీ తెలియదు. మొదటి నెల స్పానరు పట్టుకుంటే గరిటె పట్టుకున్నట్టు ఉండేది. నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేదాన్ని. హాయిగా ఉండేది నాకు.

ఆ హాయి ఎన్నాళ్ళు? ఆయన నేర్చుకున్నాడు. బుద్ధిమంతుడు, మాట పడతాడు, చెప్పింది మర్చిపోడు. నాకు పదేళ్ళు పట్టిన పని ఆయనకు ఏడాదిలో వచ్చింది. ఇంజను మొత్తం కిందికి దించి విప్పడం నాయన నాకు ఎప్పుడూ చూపలేదు, ఆయనకు చూపించాడు. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ ఒకే బానెట్టు కింద వంగి ఉండేవాళ్ళు. నాయన చెయ్యి చాపేలోపే కావలసిన సామాను ఆ చేతిలో ఉండేది. నోరు తెరిచి అడగాల్సిన పని కూడా లేదు. అది చూడలేక తలుపు సందు వదిలి వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన తింటూ ఉంటే ఈ రోజు ఏ బండి, ఏమైంది అని అడిగేదాన్ని. అమాయకంగా అంతా చెప్పేవాడు. నేను వెంటనే అందులో ఒక తప్పు పట్టేదాన్ని. అవును కదా, అనేవాడు. కోపమన్నా రాదే ఆ మనిషికి! చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి నా మనసు తేలిక చేసుకుందును. మంచివాడు కావడమే నా ప్రాణానికి వచ్చింది.

నాకు ఆస్తి అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు. ఒకే ఒక్క మాట కావాలి. నాయన నలుగురి ముందర, నా కూతురికి ఈ పని తెలుసు అని ఒక్కసారి అనాలి. వచ్చేపోయే వాళ్ళందరితో మా అల్లుడు, మా అల్లుడు అని మురిసిపోయేవాడు కదా, అందులో ఒక్క వంతు. రాబోయే ఆయుధపూజకు షెడ్డు అల్లుడి చేతికి అప్పగిస్తానని కూడా చెప్పేశాడు. అది విన్నప్పటి నుంచి ఆయన ఏదో ఒక పనిలో బోర్లా పడాలని, అది నేను పట్టుకోవాలని కాచుకుని కూర్చున్నాను.

ఆ వేసవిలో ఒక జీపు వచ్చింది. దాని ఆసామికి మొగిలి ఘాటు ఎక్కినాక మామిడితోట ఉండేది, మేం తోటాయన అనేవాళ్ళం. నాయన షెడ్డు పెట్టిననాటి నుంచీ వస్తున్న మనిషి. రేడియేటరు అడుగున ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి, తోటలో కాయ కోతకొచ్చింది, సాయంత్రానికి బండి కావాలన్నాడు. కారే చోట టంకం వేసి మూసెయ్యాలి. అది చాలా సన్నటి పని, అప్పటిదాకా నాయనే చేసేవాడు. ఆ రోజు మటుకు మా ఆయన వంటింట్లోకి వచ్చి టంకం పొయ్యికి అగ్గిపెట్టె కావాలని పట్టుకుపోయాడు. అంటే నాయన అది కూడా ఆయనకే ఇచ్చేశాడన్నమాట అని నేనే తీర్మానించుకున్నాను. ఆ కోపంలో మధ్యాహ్నం గుడ్డలు బండకేసి బాదాను. సాయంత్రం జీపు పోయింది, నీళ్ళు కారడం ఆగిపోయింది. మర్నాడు పులుసులోకి పసుపు వేద్దామని చూస్తే డబ్బా సగానికి సగం ఖాళీ. ఎలా అయిపోయిందా అని కాసేపు గొణుక్కుని మర్చిపోయాను.

పది రోజులకు జీపు తిరిగొచ్చింది. ఈసారి నీళ్ళు కారడం లేదు, మరుగుతున్నాయి. చదునుగా ఉన్న రోడ్డు మీద బాగానే పోతుంది, మొగిలి ఘాటులో రెండు మలుపులు తిరిగేసరికి ఇంజను హీటెక్కి మూత సందునుంచి పొగలు. తోటాయన రోడ్డు పక్కన గంటసేపు గొడుగు వేసుకుని కూర్చున్నాడట. రేడియేటరు మూతలో రబ్బరు చచ్చిపోయిందని అది మార్చారు. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాడు. ఫ్యాను బెల్టు వదులుగా ఉందని బిగించారు. వాటర్ పంపు విప్పి చూశారు, అది బాగానే ఉంది. ఇంజను టైమింగు సరిచూశారు. ఒకొక్కటీ నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. రేడియేటరు ఎందుకు చూడరు వీళ్ళు అని నా చేతులు దురద పెట్టేవి. మా ఆయన ఒకసారి ఆ మాట ఎత్తాడు కూడా. అది మొన్నే చేసినాం కదా, దాని జోలికి పోవద్దు అన్నాడు నాయన. తన అల్లుడు చేసిన పనిని అనుమానించడం కూడా ఇష్టం లేదేమో అనుకుని నేను ఇంకా మండిపడ్డాను.

మూడోసారి తోటాయన మొహం మాడ్చుకుని వచ్చాడు. ఈసారి కూడా మరిగితే బండిని తిరుపతికి తీసుకుపోతానని తేల్చి చెప్పాడు. మా షెడ్డుకు వచ్చిన జీపు ఇంకో షెడ్డుకు పోవడం అంటే నాయనకు తల తీసేసినట్టే. పొద్దున్నే మా ఆయన్ను జీపు వేసుకుని ఘాటు దాకా పోయి రమ్మన్నాడు. పదకొండు గంటలకు ఆయన తిరిగొచ్చాడు. జీపును నిలబెట్టి, వేడి నిదానంగా దిగనీ అని ఇంజను ఆపకుండా, నాయన్ను తీసుకుని ఎదురుగా ఉన్న హోటలుకు కాఫీకి పోయాడు.

షెడ్డులో ఎవరూ లేరు. నేను తలుపు తీసుకుని లోపలికి పోయాను. ఎన్నేళ్ళయిందో ఆ నేల మీద కాలు పెట్టి. చేతి వెనక భాగం రేడియేటరు మీద ఆనించాను. పైన తొట్టి నిప్పు. రెండు పక్కలా వేడి. నడిమధ్యలో మటుకు జానెడు వెడల్పున చల్లగా ఉంది. అక్కడ నీళ్ళు పారడం లేదు, సన్నగొట్టాలు మూసుకుపోయాయి. మూత పక్కన వాళ్ళు వాడిపడేసిన గుడ్డ ఉంది. దాని మీద తుప్పు మరక, తుప్పులో పసుప్పచ్చటి చార. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున లేచింది మొదలు వంటింట్లో పడి ఉండేదాన్ని, నాకు ఆ వాసన వేరే చెప్పాలా?

ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. అప్పట్లో లారీ డ్రైవర్లు కొందరు రేడియేటరు కారితే ఒక పిడికెడు పసుపో, రాగిపిండో పోసేసేవాళ్ళు. అది కారే చోటికి పోయి పిడచకట్టి మూసేస్తుంది. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత సన్నగొట్టాలన్నీ పూడుకుపోతాయి. నాయనకు ఆ పని అంటే ఒళ్ళు మంట. వంటింటి వైద్యం చేసేవాళ్ళు నా షెడ్డుకు రావొద్దని మొహం మీదే అనేవాడు. అలాంటి మేస్త్రీ షెడ్డులో, ఆయన ముద్దుల అల్లుడు, టంకం వెయ్యడం చేతకాక, నా వంటింట్లోంచి పసుపు ఎత్తుకుపోయి పోశాడు! నాకు నవ్వు ఆగలేదు. ఇంట్లోకి వచ్చి ఆ రోజు అన్నంలోకి వడియాలు కూడా వేయించాను.

తినేటప్పుడు మా ఆయన మామూలుగా లేడు. నాయన తిని పక్కగదిలో నడుం వాల్చాక, చిన్నగా నాతో ఒక మాట చెప్పాడు.

"ఈ పొద్దు మధ్యాన్నం షెడ్డు దిక్కు రావొద్దు. మామకు మనసు బాగలేదు. నేనొగ పని సేసుకోవల్ల."

తప్పు దాచుకోవడానికి చూస్తున్నాడు అనుకున్నాను. దాచుకోనిస్తానా?

నాలుగింటికి రమ్మన్న తోటాయన మూడింటికే దిగాడు. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు జీపుల వాళ్ళు కూడా బెంచీ మీద కూర్చున్నారు. మాటలు వినపడి నాయన లేచి షెడ్డులోకి పోయాడు. మా ఆయన అప్పుడే రేడియేటరు గొట్టం విప్పడానికి వంగాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు దాటాను. తోటాయన నాయన్ను అడుగుతున్నాడు, ఇంతకీ మీ అల్లుడికి దొరికిందా లేదా అని. సాయంత్రానికి సరిచేసి ఇస్తానని మా ఆయనే జవాబు చెప్పాడు. నేను గ్లాసులు బెంచీ మీద పెట్టాను.

"సాయంత్రం దాకా యెందుకు? రేడియేటరు నడిమద్దె పూడుకపోయిండాది. కావాలంటే సెయ్యి ఆనించి సూడండి. ఎవురో దాంట్లో పసుపు పోసినారు."

మా ఆయన తలెత్తి చూశాడు. గమ్మున లోపలికి పో అన్నాడు, గొంతు పెంచకుండానే. ఎందుకు పోవాలి? ఇన్నేళ్ళూ గమ్మునే ఉన్నాను కదా. నా వంటింట్లో పసుపు డబ్బా సగం ఖాళీ అయిందని, అది ఈ జీపు టంకానికి వచ్చిన రోజేనని, గుడ్డ మీద వాసన చూడమని, గడగడా అంతా చెప్పేశాను. బెంచీ మీదున్న వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తోటాయన పగలబడి నవ్వాడు. మేస్త్రీ షెడ్డులో పసుపు పోసే మొనగాడు ఎవడయ్యా అన్నాడు.

"నేనే పోసినా సామీ" అన్నాడు మా ఆయన. "తెలీక పోసినా."

ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సిగ్గుపడాల్సిన సంతోషం. నాయన వైపు చూశాను, ఇప్పుడు అల్లుణ్ణి ఏమంటాడా అని. నాయన ఒక చేతిలో స్పానరుతో, ఇంకో చెయ్యి జీపు మడ్‌గార్డు మీద వేసి నిలబడి ఉన్నాడు.

"వాడు కాదు. ఆ దినం వాణ్ణి బోల్టులకని బజారుకు పంపించినా. పోసింది నేను" అన్నాడు. "నా కండ్లకు పొర కమ్మింది. టంకం యాడ పడతాందో కనపడలా. ఈ పాప గుడ్డలుతికేదానికి పోయినప్పుడు రెండు పిడికిళ్ళు తెచ్చి పోసి పంపించినా."

తోటాయన నవ్వు ఆపేసి కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు నాయన నా వైపు తిరిగి, తర్వాత బెంచీ మీదున్న వాళ్ళ వైపు తిరిగి, నేను ఏళ్ళ తరబడి కాచుకున్న మాట అన్నాడు.

"నా కూతురు కరెక్టుగా కనిపెట్టింది. నేనే నేర్పించినా దానికి."

అని, చేతిలో ఉన్న స్పానరు మా ఆయనకు ఇచ్చేసి, ఇంట్లోకి పోయాడు. తలుపు గడప దగ్గర కాలు తడబడి గోడ పట్టుకున్నాడు. ఆ గడప ఆయన రోజుకు నలభైసార్లు దాటేవాడు. పొర కమ్మి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు. రోజూ అన్నం పెట్టే దాన్ని, నాకు తెలియదు.

ఆ సాయంత్రం రేడియేటరు విప్పి బయటికి తెచ్చారు. మా ఆయన నన్ను లోపలికి పొమ్మనలేదు. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి పోయమన్నాడు, పోశాను. తలకిందులుగా నిలబెట్టి, కింది గొట్టంలోంచి పైపు పెట్టి నీళ్ళు కొట్టాడు. సోడాతో కలిసిన పసుపు దిష్టినీళ్ళలాగా ఎర్రగా బుడబుడా బయటికొచ్చింది. మూడుసార్లు కడిగాక తేటనీళ్ళు వచ్చాయి. కారుతున్న చోట ఆయనే టంకం వేశాడు, మొదటిసారి. శుభ్రంగా పడింది. మర్నాడు జీపు మొగిలి ఘాటు ఎక్కింది, మరగలేదు.

నీళ్ళు పోస్తూ ఉండగానే అడిగాను, నీకు ఎప్పుడు తెలిసిందని. ఆ పొద్దున ఘాటులో మూత తీసినప్పుడు అన్నాడు. మధ్యాహ్నం మామ నిద్రపోయేసరికి కడిగేసి, గొట్టం ఏదో మార్చానని చెప్పి పంపేద్దామనుకున్నాడట. పోసింది నాయన అని ఎలా తెలిసిందని అడిగితే, మా ఆయన చెయ్యి ఆపకుండా, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మామకు కండ్లు కనపడటం లేదని ఎనిమిది నెలల్నుంచి తెలుసు. అందుకే గదా ఆయన అడక్కముందే నేను సామాను సేతికిచ్చేది."

నేను ఏ సన్నివేశం చూసి కుళ్ళి చచ్చానో దాని వెనక సంగతి ఇదన్నమాట. ఆయన నా తండ్రిని నా దగ్గర్నుంచి లాక్కోలేదు. పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు. తెలిశాక నా మనసు కరిగి ఉండాలి. కరగలేదు. నా నాయన కళ్ళ సంగతి ఊరునుంచి వచ్చిన ఈ మనిషికి నాకంటే ముందు తెలియడమేమిటని ఇంకా మండింది. అలాంటి దాన్ని నేను.

నాయన ఆయుధపూజ దాకా ఆగలేదు. ఆ వారమే షెడ్డు మా ఆయనకు అప్పగించేశాడు. నన్ను షెడ్డులోకి రమ్మని కూడా నాయనే అన్నాడు, అల్లుడికి సాయంగా ఉండమ్మా అని. నేను పోయాను, పని చేశాను. అన్నీ వచ్చాయి నాకు. నాయన మటుకు మళ్ళీ ఏ జీపునూ ముట్టలేదు. తర్వాత కళ్ళకు ఆపరేషను అయింది, చూపు కొంత వచ్చింది, అయినా ముట్టలేదు. షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరు జీపు తెచ్చినా పిలిచి మరీ చెప్పేవాడు, నేను పసుపు పోస్తే నా కూతురు కనిపెట్టింది అని. నవ్వుతూనే చెప్పేవాడు. పోయేదాకా చెప్పాడు, తొమ్మిదేళ్ళు. ఆ మాట మొదలుపెట్టగానే నేను చేతిలో పని వదిలేసి లోపలికి పోయేదాన్ని. మా ఆయన ఒక్కడే ఆ సంగతి జన్మలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంత మంచితనం ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో, నాకెందుకు రాలేదో. దానికి కూడా ఆయన మీద నాకు కుళ్ళే.